పదకొండు బయటికి వచ్చాయి

25 ఫిబ్రవరి 1979, ఆదివారం

ఉదయం ఆరూ ఇరవైకి గూడు తలుపు తీశాను. పదకొండు బయటికి వచ్చాయి. చుక్కల పెట్ట రాలేదు.

చెయ్యి పెట్టి బయటికి తీశాను. నిలబడింది కానీ రెక్కలు వేలాడేసింది. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. నిన్న మధ్యాహ్నం ఎండ ఎక్కువ. ఎండ దెబ్బ అయి ఉంటుంది.

ఎనిమిదికి వెంకటేశులు రావాలి. పశువుల దవాఖానలో కాంపౌండరు. కొక్కెర తెగులు టీకా చిన్న గాజు బుడ్డిలో వస్తుంది. ఒక బుడ్డి నూరు పైచిలుకు కోళ్ళకు. బుడ్డి మెడ విరిస్తే రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలింది పారబోయాలి. అందుకని నూరు కోళ్ళు ఒకచోట చేరిస్తేనే వస్తామన్నారు. పన్నెండు రోజులు బడి అయ్యాక తొమ్మిది ఇళ్ళు తిరిగాను. ఎవరివి ఎన్ని, ఏ రంగు అని జాబితా రాసి దవాఖానలో ఇచ్చాను. మొత్తం నూట నాలుగు. మావి పన్నెండు.

అందరికంటే ఎక్కువ లాలాబీవి. ఇరవై రెండు. ఆమె మొగుడు నబీ సాబ్‌కు ప్రెస్సింగ్ మిల్లులో పత్తి బేలు మీద పడి నడుము విరిగినప్పటి నుంచి, స్టేషను దగ్గర హోటలుకు ఆమె ఇచ్చే గుడ్ల మీదే ఆ ఇల్లు నడుస్తోంది. ఆమెను ఒప్పించడానికి నాలుగుసార్లు పోయాను.

"సూది ఏస్తే గుడ్లు ఆపేస్తాయంట కదా టీచరమ్మా."

"వారం ఆపుతాయి. తెగులొస్తే కోళ్ళే ఉండవు."

"నువ్వు సెప్పినావంటే ఇంగ మాట లేదు. నా బిడ్డకు అచ్చరాలు నేర్పించినదానివి. కోళ్ళ కాడికొచ్చి అబద్ధం సెప్తావా" అని నవ్వింది.

చుక్కల పెట్టను వంటింట్లో గంప కింద పెట్టి, పైన గోనెపట్ట కప్పాను. అత్త తస్బీ పూసలు తిప్పుతూ చూసింది.

"ఏమైంది బేటీ?"

"ఎండ దెబ్బ."

"అట్లయితే వంటింట్లో మంచిదేలే. ఈడ ఎండ రాదు" అంది.

ఎనిమిదీ పదికి వెంకటేశులు వచ్చాడు. ఐస్ ఫ్యాక్టరీ నుంచి ఐసు గడ్డలు తెచ్చి ఫ్లాస్కులో వేసుకుని, దాన్ని సైకిలు హ్యాండిలుకు కట్టుకున్నాడు. కోళ్ళన్నీ కాళ్ళు కట్టి మా పెరట్లో వరసగా పడేశారు. బుడ్డి చేతిలోకి తీసుకుని, మెడ విరవకుండా అడిగాడు.

"ముడుసుకోని కూసున్న కోడి యా ఇంట్లో అన్నా ఉందా? ఉంటే ఇప్పుడే సెప్పండమ్మా. దీన్ని ఇట్లే ఫ్లాస్కులో పెట్టుకోని పోతా. నెల తర్వాత వస్తా. తెగులున్న గూటి కోళ్ళను ఈడికి తెచ్చి సూది ఏసినామంటే, దాన్ని మనమే ఇల్లిల్లూ పంచినట్టు."

అందరూ నావైపు చూశారు. జాబితా నకలు నా చేతిలో ఉంది.

"లేదు" అన్నాను.

పది గంటలకు అయిపోయింది. నూట మూడు. కట్లు విప్పగానే అన్నీ దప్పికతో మా రాతితొట్టి మీద పడ్డాయి.

లాలాబీ తన కోళ్ళను గంపల్లోకి ఎక్కిస్తూ, "మీ సుక్కల పెట్ట యాడ? కనపడల్యా" అంది.

"పొదుగుకు వచ్చింది. లోపల ఉంది."

"ఎప్పుడొచ్చింది? నాకు సెప్పనే లేదు సూడు. గుడ్లు పెట్టినావా?"

"ఇంకా లేదు."

"పెట్టద్దు. మావి పంపిస్తా. సగం నీకు, సగం నాకు."

మధ్యాహ్నం పదమూడు గుడ్లు పంపింది. ఒక్కొక్క దాని మీద బొగ్గుతో ఒక గీత. తవుడు కుండలో పెట్టాను.


26, సోమవారం

చుక్కల పెట్ట నీళ్ళు తాగింది. గింజ ముట్టలేదు. పచ్చగా విరేచనం. ఎండ దెబ్బకు కూడా అట్లా అవుతుందనుకుంటాను.


27, మంగళవారం

సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి మెడ వంకర తిరిగి ఉంది. ఐదింటికి పోయింది. గోడవార రెండడుగుల గుంత తీశాను. సున్నం వేసి పూడ్చాను. ఎండ దెబ్బకు సున్నం ఎందుకని అత్త అడగలేదు.


28, బుధవారం

బడికి సెలవు పెట్టి ఏడున్నర బస్సుకు ఎమ్మిగనూరు పోయాను. మా అక్క నసీబ్‌బీ ఆపా ఇంట్లో మగ్గం ఆడుతోంది. పొదుగు కోడి ఒకటి కావాలన్నాను. మూడున్నాయి, ఏది కావాలంటే అది పట్టుకో అంది. నేనే గూట్లోకి వంగి నల్లపెట్టను పట్టుకున్నాను. నిన్న గుంత తీసినప్పుడు వేసుకున్న చెప్పులే కాళ్ళకు ఉన్నాయి. బస్సులో గుర్తొచ్చింది.

"ఇంత దూరం కోడి కోసరం వస్తివా? మీ ఆదోనిలో లేవా?" అంది ఆపా.

"పొదుగుకు వచ్చినవి లేవు."

"మీ పక్క తెగులేమన్నా ఉందా?"

"లేదు."

"ఉంటే సెప్పే. ఈ సందులో అందరికీ కోళ్ళున్నాయి. ఒకరింటికొస్తే ఊడ్చుకోని పోతాది."

"లేదాపా."

అన్నం తిని పొమ్మంది. తినలేదు.

సాయంత్రం ఆరింటికి వెనక గదిలో పొదిగేశాము. గంపలో బూడిద, దాని మీద పత్తి. పిడుగు శబ్దానికి గుడ్లు చెడకుండా అత్త ఒక ఇనుప మేకు, ఒక బొగ్గు ముక్క మధ్యలో పెట్టింది. పదమూడు గుడ్లు. ఇరవై ఒకటో రోజు మార్చి 21.

లాలాబీ వచ్చింది. "కూసుందా?"

"కూర్చుంది."

గడప దగ్గరే నిలబడింది. లోపలికి తొంగి కూడా చూడలేదు. గుడ్ల మీద ఉన్న కోడిని పిల్లలు దిగేదాకా పరాయివాళ్ళు చూడరు ఇక్కడ. చూస్తే గుడ్లు మురిగిపోతాయంటారు. అది మూఢనమ్మకమని అయిదో తరగతికి ప్రతి సంవత్సరం చెప్తాను. లాలాబీకి చెప్పలేదు.


1 మార్చి

ఎండ ఎక్కువగా ఉంది.


2 మార్చి, శుక్రవారం

గూట్లో రెండు చచ్చిపడి ఉన్నాయి. ముంగిస పని అనుకుంటాను. గూటి కింద సందుకు ఇటుకలు పెట్టాను. తలుపుకు కొత్త గొళ్ళెం వేయించాను. అత్త రెండిటినీ తిరగేసి చూసింది.

"కాటు లేదే."

"బెదిరి కూడా చచ్చిపోతాయి."

"ఊ" అంది.

నల్లపెట్ట బాగుంది. మధ్యాహ్నం ఒకసారి దిగి, గింజలు తిని, మళ్ళీ ఎక్కింది.


4 మార్చి, ఆదివారం

లాలాబీ పుంజును చంకలో పెట్టుకుని వచ్చింది. మెడ వాల్చేసి ఉంది. నోటి నుంచి తీగలాగా జొల్లు.

"సూది ఏసి వారం గాలేదు టీచరమ్మా. సూడు ఎట్లుందో."

"టీకా వేసిన వారంలో కొంచెం నలత ఉంటుంది. తగ్గుతుంది."

"వాము నీళ్ళు పోసినా. తాగల్యా."

"తగ్గుతుంది" అన్నాను మళ్ళీ.

ఆమె పోయాక తొట్టిలో నీళ్ళు పారబోశాను. బొగ్గు, ఇసుకతో తోమి బోర్లించాను. ఆ పని వారం ముందు చేయవలసింది.


5 మార్చి

ఈ పూట మూడు. ఇంటివే.


6 మార్చి, మంగళవారం

తొమ్మిది ఇళ్ళలోనూ ఉంది. నిన్నటికి నలభై ఒకటి పోయాయి. మావి ఆరు మిగిలాయి. తరగతిలో పిల్లలు చచ్చిన కోళ్ళ లెక్క చెప్పుకుంటున్నారు. లాలాబీ కొడుకు హాజరు పలకడానికి బదులు చెయ్యి ఎత్తాడు.


7 మార్చి, బుధవారం

పొద్దున్నే లాలాబీ గంప తెచ్చి మా వాకిట్లో బోర్లించింది. తొమ్మిది.

"ఇవి నిన్నటి నుంచి. మీ ఇంటి ముందర ఎందుకు పోసినా అనుకోవద్దు. నువ్వు నిన్న రాలేదు, నేనే సూపిద్దామని తెచ్చినా. ఏమన్నా తెలుస్తాదేమో సూడు, సదువుకున్నదానివి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

"ఇంక ఎన్ని ఉన్నాయి?"

"నాలుగు. వాటికీ రెక్కలు వాలినాయి. హోటలాయన పిలకాయను పంపిచ్చినాడు, గుడ్లు యాడని. ఏమని సెప్పేది."

తర్వాత గడప అవతల నుంచే వెనక గది వైపు చూపించి, గొంతు తగ్గించి అడిగింది. "అది బాగుందా?"

"బాగుంది."

"దానికి సూది పడల్యా. అందుకే బాగుంది."

ఆ మాట మధ్యాహ్నానికి పేటంతా పాకింది. సూది పడిన కోళ్ళు పోయాయి, సూది పడని టీచరమ్మ కోడి బతికింది.


8 మార్చి

ఎదురింటి తిక్కయ్య మిగిలిన కోళ్ళను సైకిలుకు తలకిందులుగా కట్టుకుంటున్నాడు.

"దేవనకొండ పక్క అమ్ముకోనొస్తా టీచరమ్మా. ఈడుంటే ఎట్లా సచ్చేవే."

ఎనిమిది కోళ్ళు. దూరం నుంచి చూస్తే బాగానే కనిపించాయి. బడికి టైమయింది.


9 మార్చి, శుక్రవారం

సాయంత్రం తిక్కయ్య, ఇంకా ఆరుగురు వచ్చారు. లాలాబీ చివర కూర్చుంది. తిక్కయ్య తెల్లకాగితాలు తెచ్చాడు.

"అర్జీ రాయాల టీచరమ్మా. కర్నూలుకు పంపిస్తాం. ఆ కాంపౌండరు పాడైన మందు తెచ్చి ఏసినాడు. ఐసు కరిగిపోయింటాది, వాడు సూసుకోల్యా."

"కరగలేదు. నేను చూశాను" అన్నాను. అంతవరకు నిజం.

"అట్లయితే మందే మంచిది గాదు. ఏదో ఒకటి. నూరు కోళ్ళు ఊరికే సస్తాయా?"

ఆయన చెప్పాడు, నేను రాశాను. మూడో పేరాకు వచ్చాక ఆగి, వేలు పైకెత్తి చెప్పాడు.

"సూది ఏసే దినము అన్ని కోళ్ళూ మంచిగా ఉండినవి. ఒక్కటి కూడా నలతగా లేదు. అట్లా రాయి. అది ముఖ్యం."

రాశాను.

"ఆ మాట కింద నీ పేరే ఫస్టు పెట్టల్ల. నువ్వు సెప్పితే పై వాళ్ళు నమ్ముతారు."

సంతకం పెట్టాను. మిగతావాళ్ళు వేలిముద్రలు. లాలాబీ తన పేరు తనే రాసింది. పోయిన సంవత్సరం నేనే నేర్పించాను.

వెంకటేశులు ఆరేళ్ళుగా టెంపరరీ. ఈ ఉగాది తర్వాత పర్మనెంటు ఆర్డరు వస్తుందని ఆ ఆదివారం సైకిలు దిగుతూ చెప్పాడు. అర్జీలో అది లేదు.


11 మార్చి, ఆదివారం

పదకొండో రోజు. తలుపు సందులో నుంచి పడే ఎండకు అడ్డంగా గుడ్లు పట్టి, కాగితం చుట్ట పెట్టి చూశాను. పదకొండిటిలో ఎర్రటి నరాలు. ఒకటి కదిలింది. రెండు తెల్లగా ఉన్నాయి, తీసేశాను.

పదకొండు.

మా గూట్లో ఇప్పుడు ఒక్కటి కూడా లేదు.


12 మార్చి

ఎమ్మిగనూరు నుంచి కార్డు. ఆపా కొడుకు చేతిరాత. "అమ్మ చెప్పమంది. మా కోళ్ళు నాలుగు నిద్రపోతున్నట్టు ఉన్నాయి. మీ దగ్గర ఏమన్నా ఉండెనా అని అడగమంది. వెంటనే రాయి."

రాయాలి.


14 మార్చి, బుధవారం

వెంకటేశులు వచ్చాడు. సైకిలు వీధిలోనే ఆపి, వాకిట్లో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. పక్కింటి గోడ దగ్గర లాలాబీ గిన్నెలు తోముతోంది.

"అర్జీ సూసినా టీచరమ్మా. మంచి సేతిరాత."

మంచినీళ్ళ చెంబు తెచ్చి అరుగు మీద పెట్టాను.

"నేను కోపంగా రాలేదు. ఒక మాట అడిగి పోదామని వచ్చినా. ఆ దినం అడిగినా కదా, నలతగా ఉన్నది ఉందా అని."

"అడిగావు."

"మీరు ఇచ్చిన జాబితాలో మీవి పన్నెండు. రంగులు కూడా రాసినారు. నా రిజిస్టర్లో పదకొండే పడింది. సుక్కల పెట్ట ఒకటి తక్కువ."

"పొదుగు మీద ఉండె."

"సూడనిస్తారా? సూది పడకుండా ఆ గూట్లోనే ఉండి బతికిందంటే అది నాకు సాక్ష్యం గాదు, నాకు విరోధం. అయినా సూడాల. ఒక నిమిషం."

నేను నోరు తెరిచే లోపల లాలాబీ గోడ మీదికి వంగింది.

"ఏందప్పా, నీకు తెల్వదా? గుడ్ల మీద ఉన్నదాన్ని సూస్తావా? ఉన్న కోళ్ళన్నీ మింగితివి, ఆ పదకొండు గుడ్లు కూడా గావాల్నా నీకు?"

అతను ఆమె వైపు చూశాడు. చేతిలో టోపీ తిప్పాడు.

"లేదమ్మా. ఎప్పుడు దిగుతాయి?"

"ఇరవై ఒకటి" అంది లాలాబీ.

"సరే. కర్నూలు నుంచి పెద్ద డాక్టరు వచ్చేది కూడా ఇరవై ఒకటే. పది గంటలకు, మీ బడిలో. ఆపొద్దే సూస్తాం." నావైపు తిరిగి, గొంతు మార్చకుండా ఇంకొక మాట చెప్పాడు. "పిల్లలు దిగినాక ఈ పేటలో యా గూట్లోనూ పెట్టగూడదు. తెగులు గూటి మట్టిలో ఉంటాది. కనీసం రెండు నెలలు. ఎవరు నమ్మినా నమ్మకపోయినా, పిల్లలు మాత్రం సస్తాయి."

అతను పోయాక లాలాబీ నవ్వింది. "సూదితో సంపి, మట్టి మీద ఏస్తాండాడు సూడు."


16 మార్చి

ఆపాకు ఇంకా రాయలేదు.


18 మార్చి, ఆదివారం

లాలాబీ తన గూడు బాగు చేసింది. పేడతో అలికి, చుట్టూ కొత్త కంప కొట్టింది. గద్ద రాకుండా పైన పాత వల కట్టింది. నన్ను పిలిచి చూపించింది. పిల్లి దూరే సందు లేదు. ముంగిస తవ్వకుండా అడుగున రాళ్ళు పరిచింది. ఇంత గట్టి గూడు ఈ పేటలో లేదు. లోపలి మట్టి మాత్రం పాతదే. ఆ నాలుగు కోళ్ళూ ఈ మట్టి మీదే పోయాయి.

"పదకొండులో సగం అంటే ఎంత? ఐదున్నర" అంది. "నువ్వు ఆరు తీసుకో. నాకు ఐదు సాలు. ఐదుంటే సంవత్సరానికి మళ్ళీ ఇరవై సేస్తా."

"అన్నీ నువ్వే తీసుకో."

"అదేంది? కోడి నీది, మేత నీది."

"తీసుకో లాలాబీ."

"నీవీ అన్నీ పోయె కదా. నాకెందుకు ఇస్తాండావు?"

"రెండు నెలలు మా అత్త చెల్లెలి ఇంట్లో, కోసిగిలో పెంచుకుందాం. తర్వాత తెచ్చుకుందువు" అన్నాను.

"ఎందుకు? సూది ఏసేవాడు ఇంగ ఈ సందులోకి రాడు. పిల్లలకు ఏమి భయం?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబు ఉంది. "చూద్దాం" అని వచ్చేశాను.


19 మార్చి, సోమవారం

హెడ్మాస్టరు అడిగాడు, విచారణకు నా తరగతి గది వాడుకోవచ్చా అని. వాడుకోమన్నాను. పిలిచే పేర్ల జాబితా చూపించాడు. మొదటిది నాది.

ఇంటికొచ్చాక అత్త అడిగింది. ఈ ఇరవై రోజుల్లో ఆమె అడిగిన రెండో ప్రశ్న.

"వాళ్ళు తలుపు తీసి సూస్తే నల్లది ఉంటాది కదా బేటీ. ఏమి సెప్తావు?"

"చుక్కలది దిగిపోతే దీన్ని పెట్టామని చెప్తాను."

"అది యాడ అంటే?"

"పిల్లి ఎత్తుకుపోయిందని."

అత్త తస్బీ పక్కన పెట్టింది. "ఎండ దెబ్బ అయిపోయె. ముంగిస అయిపోయె. ఇంగ పిల్లి" అంది. లేచి నమాజుకు ముందు వజూకు నీళ్ళు తీసుకుంది.


20 మార్చి, మంగళవారం

ఉదయం ఆరూ ఇరవైకి వెనక గది తలుపు తీశాను. నల్లపెట్ట గింజలు ముట్టలేదు. నీళ్ళు కూడా. గుడ్లు దిగే ముందు పొదుగు కోడి లేవదు, తినదు. అది మామూలే.

తల ఒక పక్కకు వాల్చి ఉంది.

సాయంత్రం గుడ్లను ఒక్కొక్కటి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. పదకొండిటిలోనూ చప్పుడు ఉంది. రెండిటి మీద పెంకు నెర్రె బారింది. నెర్రె బొగ్గు గీతను దాటి పోయింది. నల్లపెట్ట ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. పైన రేకుల వేడి అని రాయబోయి ఆగాను.

మొదటి పేజీకి పోయి చదివాను. 25 ఫిబ్రవరి. "ఎండ దెబ్బ అయి ఉంటుంది" అన్న వాక్యం కొట్టేశాను. పక్కన తెగులు అని రాశాను. ఆ ఒక్క మాట చాలు. మిగతా రోజులన్నీ దాని వెనకనే వస్తాయి.

తర్వాత తెల్లకాగితం మీద రాశాను. ఆ రోజు ఉదయం ఆరూ ఇరవైకి మా గూట్లో ఒక కోడికి తెగులు ఉంది. కాంపౌండరు అడిగాడు. లేదని చెప్పింది నేను. మందులో లోపం లేదు. అర్జీలో మూడో పేరా అబద్ధం అని నాకు రాసేటప్పుడే తెలుసు. కింద సంతకం పెట్టాను. చేతిరాత ఈసారి బాగా లేదు. ఇంకొక కాగితం మీద ఆపాకు రాశాను. మిగిలిన కోళ్ళను వేరుచేయమని, సందులో అందరికీ చెప్పమని. పొద్దున మొదటి బస్సు కండక్టరుకు ఇవ్వాలి.

అత్త కొత్త గంప తీసి దులిపింది. అడుగున పత్తి పరిచింది. "పిల్లలు దిగేది దిగినట్టు దీంట్లోకి తీసెయ్. దాని కింద ఉంచద్దు" అంది. ఆమెకు ముందే తెలుసు.

రేపు ఆరున్నరకు ఎమ్మిగనూరు బస్సు. ఏడింటికి లాలాబీ గంపతో వస్తానంది. ఆమెకు కాగితం ఇవ్వను. గడప దాటించి, వెనక గదిలోకి తీసుకుపోయి, కోడిని చూపించి నోటితో చెప్పాలి. ఎనిమిదిన్నరకు పిల్లల గంపతో అత్తకు కోసిగి బండి. పదింటికి నా తరగతి గదిలో విచారణ. మొదట పిలిచేది నన్నే.